డాక్టర్ సలహా: కొలెస్ట్రాల్ ఉంది.. గ్రిల్ చేసిన స్టేక్ మానేయాలా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. మావారికి 46 ఏళ్లు. ఎండలు మొదలైతే చాలు, ప్రతి శనివారం రాత్రి పెరట్లో బొగ్గుల గ్రిల్ మీద రిబ్‌ఐ స్టేక్ (పక్కటెముకల దగ్గరి, కొవ్వు ఎక్కువుండే గొడ్డుమాంసం ముక్క) కాలుస్తారు. ఆయన వాటా ఒక్కటే 12 ఔన్సులు (సుమారు 340 గ్రాములు). పక్కన పార్‌స్లీ, వెల్లుల్లి, వెనిగర్, ఆలివ్ నూనెతో చిమిచుర్రి సాస్, కాల్చిన క్యాప్సికమ్, జుకినీ ఉంటాయి. ‘ఆకులు, కూరగాయలు తింటున్నాంగా, ఏం కాదు’ అంటారు. ఈమధ్య పరీక్షల్లో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 162, యూరిక్ యాసిడ్ 7.8 వచ్చాయి. మా మామగారికి 52 ఏళ్లకే గుండెపోటు వచ్చింది. మాడిన మాంసంతో క్యాన్సర్ వస్తుందని చదివి టెన్షన్ పడుతున్నాను. పూర్తిగా మాన్పించమంటారా?
- ఒక సోదరి, టెక్సస్

జవాబు: మీ భయం క్యాన్సర్ గురించి. నాకు మాత్రం మీవారి గుండె గురించే ఎక్కువ ఆందోళనగా ఉంది. తండ్రికి 55 ఏళ్లలోపు గుండెపోటు వస్తే పిల్లలకూ ముప్పు ఎక్కువని లెక్క. పైగా మన దక్షిణాసియా వాళ్లకు గుండె జబ్బులు చిన్న వయసులోనే మొదలవుతాయి. అందుకే 162ను తేలిగ్గా తీసుకోవద్దు.

అలాగని స్టేక్ పూర్తిగా మాన్పించనక్కర్లేదు. ముక్క మార్చండి, పరిమాణం తగ్గించండి. ఎల్‌డీఎల్ తగ్గాల్సినవాళ్లు శాచురేటెడ్ కొవ్వు (మాంసం, వెన్న, నెయ్యిలో ఎక్కువుండే రకం) రోజుకు సుమారు 13 గ్రాములు దాటకూడదు. 12 ఔన్సుల రిబ్‌ఐని కొవ్వు తీయకుండా తింటే ఆ ఒక్క ప్లేటులోనే దీనికి రెట్టింపు పైగా వెళ్లిపోతుంది. ఎంత పార్‌స్లీ తిన్నా ఆ కొవ్వు తగ్గదు. బదులుగా కొవ్వు తక్కువుండే టాప్ సర్లాయిన్ గానీ, ఐ ఆఫ్ రౌండ్ గానీ తెచ్చి, అంచున తెల్లగా కనిపించే కొవ్వంతా కోసేయండి. వండాక అరచేయంత ముక్క, అంటే మూడు నాలుగు ఔన్సులు చాలు. ప్లేటులో సగం కూరగాయలే ఉండాలి. వారం మొత్తం మీద రెడ్ మీట్ (గొడ్డు, మేక, గొర్రె, పంది మాంసం), వండాక తూచితే 350 నుంచి 500 గ్రాములు దాటకూడదు. ఆదివారం మటన్ కూర కూడా ఈ లెక్కలోకే వస్తుంది, మరిచిపోకండి.

సాస్ మంచిదే. వెనిగర్, వెల్లుల్లి రుచితో ఉప్పు తక్కువైనా వెలితి తెలియదు. పార్‌స్లీ బదులు కొత్తిమీర, పుదీనా వేసుకున్నా బాగుంటుంది. నూనె మాత్రం కొలిచి పోయండి. ఆలివ్ నూనె అయినా టేబుల్‌స్పూన్‌కు 120 క్యాలరీల దాకా ఉంటాయి. ఇంట్లో ఎవరైనా రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మందు వాడుతుంటే పార్‌స్లీ ఒకరోజు గుప్పెళ్లకొద్దీ తిని, మర్నాడు మానేయడం లాంటివి చేయకూడదు. అందులోని విటమిన్ కె మందు పనితీరును మార్చేస్తుంది.

ఇక మాడిన మాంసం సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో రెడ్ మీట్‌ను ‘బహుశా క్యాన్సర్ కలిగించేది’ అన్న వర్గంలో పెట్టింది. మాంసాన్ని పెద్ద మంట మీద కాలిస్తే దానిలోనే హాని చేసే రసాయనాలు తయారవుతాయి. కొవ్వు బొట్లు బొగ్గుల మీద పడి, భగ్గున మంట లేచి, ఆ పొగ మాంసానికి పట్టినప్పుడు మరో రకం రసాయనాలు చేరతాయి. కొవ్వు తీసేయమన్నది ఇందుకు కూడా. బొగ్గులను ఒక పక్కకు నెట్టి, రెండో పక్కన స్టేక్ పెట్టి, తరచూ తిప్పుతూ కాల్చమనండి. కాల్చే ముందు కొంచెం చిమిచుర్రి పట్టించి ఫ్రిజ్‌లో నానబెడితే ఈ రసాయనాలు కొంత తగ్గుతాయి. పచ్చి మాంసానికి తగిలిన సాస్‌ను మళ్లీ వడ్డించకండి. అంత జాగ్రత్తపడ్డా ఎక్కడైనా నల్లగా మాడితే, ఆ భాగం కోసి పారేయండి. బొగ్గుల మీద కాల్చే మటన్ కబాబ్‌లకూ ఇవే జాగ్రత్తలు.

మాడుతుందన్న భయంతో పచ్చిగా దించేయడమూ మంచిది కాదు. థర్మామీటర్ గుచ్చితే స్టేక్ మధ్యలో 63 డిగ్రీల సెల్సియస్, మీ లెక్కలో 145 ఫారెన్‌హీట్ చూపించాలి. దించాక మూడు నిమిషాలు ఆగి కోయండి.

యూరిక్ యాసిడ్ విషయానికొస్తే, స్టేక్‌తో పాటు బీరు తాగే అలవాటుందేమో మీరు రాయలేదు. ఉంటే ముందు అది ఆపించండి, బీరు యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. రాత్రికి రాత్రి కాలి బొటనవేలు వాచి, దుప్పటి తగిలినా భరించలేనంత నొప్పి వస్తే అది గౌట్ (యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే కీళ్ల జబ్బు) కావచ్చు, వెంటనే డాక్టర్‌ను కలవాలి.

ఈ మార్పులన్నీ చేస్తూనే అక్కడి డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి. మామగారి గుండెపోటు సంగతి ఆయనకు తప్పకుండా చెప్పండి. వంశపారంపర్యంగా వచ్చే గుండె ముప్పును తెలిపే లైపోప్రొటీన్ (ఎ) రక్తపరీక్ష ఒకసారి చేయించమని అడగండి. మూడు నెలల తర్వాత కూడా ఎల్‌డీఎల్ ఇలాగే ఉంటే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు అవసరం కావచ్చు. డాక్టర్ రాస్తే మాత్రం ‘అలవాటైపోతుందేమో’ అని భయపడి వాయిదా వేయకండి.