మేకపిల్ల బిగుసుకుపోయింది కాల్షియం లోపంతో కాదు

ప్రశ్న: బెంగళూరు దగ్గర హోసకోటెలో మేకలు పెంచుతున్నాం. పది రోజుల క్రితం పోతుపిల్లలకు విత్తులు ఎండి రాలిపోయేలా రబ్బరు రింగులు వేశాం. నిన్నటి నుంచి 12 కిలోల పిల్ల ఒకటి కాళ్లు బిగుసుకుపోయి, నోరు తెరవక, చిన్న చప్పుడైనా ఎగిరిపడుతోంది. మందుల షాపువారు కాల్షియం లోపమన్నారు. ఇంజెక్షన్ చేసినా తగ్గలేదు. మళ్లీ వేయవచ్చా?

జవాబు: వేయవద్దు. మీరు చెప్పిన లక్షణాలు ధనుర్వాతానివి (టెటనస్). రింగు కింద గాలి ఆడక కుళ్లిన కండలో ఆ జబ్బు తెచ్చే సూక్ష్మజీవి పెరిగి విషాన్ని వదులుతుంది. ఒక కండరం ముడుచుకున్నప్పుడు దాని ఎదుటి కండరం సడలాలంటే, వెన్నుపాములో గ్లైసిన్, గాబా అనే రసాయనాలు విడుదలై, క్లోరైడ్ అయాన్లను నాడీకణంలోకి రానిచ్చి, దాని ఉద్రేకాన్ని అణచాలి. నరాల వెంట వెన్నుపాముకు చేరిన విషం ఆ విడుదలనే ఆపేస్తుంది కనుక, పగ్గాలు తెగిన ఎద్దుల్లా కండరాలన్నీ ఒకేసారి బిగుస్తాయి. ఇందులో కాల్షియం చేసేదేమీ లేదు. పైగా సూది పోటు ప్రతిసారీ ఈడ్పును రేపుతుంది.

పిల్లను వాహనంలో ఎక్కించి ఓల్డ్ మద్రాస్ రోడ్డు హారన్ల మధ్య తిప్పకుండా, పశువైద్యుడిని ఇంటికే పిలిపించండి. రింగు కోసి తీయించి, కుళ్లిన భాగాన్ని శుభ్రం చేయించి, గాయాన్ని కట్టకుండా వదలండి. ప్రొకేన్ పెన్సిలిన్ కిలో బరువుకు 22,000 యూనిట్ల చొప్పున, అంటే ఈ పిల్లకు పూటకు సుమారు 2.6 లక్షల యూనిట్లు, రోజుకు రెండుసార్లు కండరానికి ఇస్తారు. యాంటీ టెటనస్ సీరం ఇంకా నరాలకు అంటని విషాన్ని మాత్రమే పట్టగలదు, కాబట్టి రేపటికి వాయిదా వేయకండి. డయాజెపామ్ మిగిలి ఉన్న గాబా పనిని బలపరిచి బిగువు తగ్గిస్తుంది, అయితే మోతాదు వైద్యుడే నిర్ణయించాలి. చీకటి గదిలో, చెవుల్లో దూది పెట్టి, మెత్తటి గడ్డిపై ఉంచండి. గొట్టంతో బలవంతంగా తాగిస్తే ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇన్ని చేసినా బతుకుతుందని హామీ ఇవ్వలేను.

నన్ను బాధించేది వేరు. సీసా అమ్ముకోవాల్సిన దుకాణదారుడు మీ మందకు టీటీ (ధనుర్వాతం టీకా) వేశారా అని ఎందుకు అడుగుతాడు? పిల్లలకు 4 వారాల తేడాతో రెండు డోసులు వేయించి, రెండో డోసు తరువాత కనీసం 2 వారాలు ఆగి రింగులు వేయండి. చూడి మేకలకు ఈనడానికి నెల ముందు బూస్టర్ వేయిస్తే, ముర్రుపాల ద్వారా పిల్లలకు రక్షణ అందుతుంది. ఇప్పటికే రింగులు పడిన మిగతా పిల్లలకు ఈరోజే సీరం వేయించండి.