బాబు మూత్రంలో రక్తం.. మేనమామకూ కిడ్నీ జబ్బే.. సంబంధం ఉందా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. కొన్నేళ్లుగా బెంగళూరు కేఆర్ పురంలో ఉంటున్నాం. మా బాబుకు ఎనిమిదేళ్లు. జలుబు చేసిన మర్నాడే మూత్రం కోకాకోలా రంగులో వచ్చింది. రంగు తగ్గింది కానీ, మూత్రంలో ఎర్రకణాలు ఇంకా ఉన్నాయన్నారు. క్రియాటినిన్ నార్మల్. మా తమ్ముడికి 24 ఏళ్లకే కిడ్నీ మార్పిడి అయింది, చెవికి మిషన్ వాడతాడు. అతని పాత బయాప్సీ రిపోర్టులో బేస్‌మెంట్ మెంబ్రేన్ పొరలుగా చీలిందని ఉంది. ఏమిటీ పొర? మాది మేనరికం కాబట్టే ఇలా అయిందని బంధువులు అంటున్నారు. రేపు అవసరమైతే నా కిడ్నీ ఇవ్వొచ్చా?
- ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: తమ్ముడి రిపోర్టు పారేయకుండా ఉంచి మంచి పని చేశారమ్మా. చిన్న వయసులోనే కిడ్నీ, చెవి రెండూ దెబ్బతిన్నాయంటే మేం ముందుగా అనుమానించేది ఆల్పోర్ట్ సిండ్రోమ్. ఒకే కుటుంబంలో మూత్రంలో రక్తం, చెవుడు కలిసి రావడాన్ని 1927లో వివరించిన వైద్యుడి పేరు అది. బాబుకు అదే ఉందని మీ ఉత్తరం చూసి తేల్చలేను. జలుబుతో పాటే ఎర్ర మూత్రం రావడం ఐజీఏ నెఫ్రోపతీ అనే మరో కిడ్నీ జబ్బులోనూ చూస్తాం. కానీ మేనమామకు ఇంత జరిగాక, కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ నార్మల్ అన్న ధీమాతో ఊరుకోవద్దు. కిడ్నీ చాలావరకు దెబ్బతిన్నాక గానీ ఆ అంకె పెరగదు.

ఇక పొర సంగతి. చర్మం, రక్తనాళాలు, పేగుల లోపలి గోడ.. ఇలా కణాలు వరుసగా అమరిన చోటల్లా వాటి అడుగున బేస్‌మెంట్ మెంబ్రేన్ ఉంటుంది. అందులో కణాలుండవు. కణాలే తయారుచేసుకున్న లామినిన్, టైప్ 4 కొలాజెన్ లాంటి ప్రొటీన్ల అల్లిక అది. పిండం తొలి రోజుల్లోనే ఏర్పడి, ఏ కణం ఎటు తిరిగి కుదురుకోవాలో, అవయవం ఎలా రూపు దిద్దుకోవాలో నడిపిస్తుంది. షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీల్లో మందమెక్కేది ఈ పొరే. రొమ్ము క్యాన్సర్ బయాప్సీలో ‘ఇన్ సిటూ’ అని రాశారంటే క్యాన్సర్ కణాలు ఇంకా ఈ పొర దాటలేదని అర్థం.

కిడ్నీలో ఇది రక్తాన్ని వడకట్టే గుడ్డ. మందం మిల్లీమీటరులో మూడు వేలవ వంతు దాకా ఉంటుంది, అంతే. పిండంలో కిడ్నీ తయారవుతున్నప్పుడు ఈ గుడ్డను ఒక రకం కొలాజెన్ దారంతో నేస్తుంది శరీరం. తర్వాత దాని స్థానంలో గట్టి దారం వస్తుంది. ఆల్పోర్ట్‌లో జన్యులోపం వల్ల ఆ గట్టి దారం సరిగా తయారు కాదు. రోజూ రక్తపు ఒత్తిడి తగిలి తగిలి పాత నేత చీలికలు పడుతుంది. మొదట ఎర్రకణాలు, తర్వాత ప్రొటీన్ కారతాయి. లోపలి చెవిలోనూ, కంటి లెన్సు చుట్టూ ఉన్న పొరలోనూ అదే కొలాజెన్ ఉంటుంది కాబట్టి అవీ దెబ్బతినొచ్చు.

ఎక్కువ కుటుంబాల్లో లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీది సీవోఎల్4ఏ5 జన్యువులో ఉంటుంది. తల్లి దగ్గర ఆ లోపం ఉంటే ప్రతి కొడుక్కీ వచ్చే అవకాశం సగానికి సగం. మేనమామ పోలిక అని మనవాళ్లు ముచ్చటగా అంటారే, ఈ జబ్బు సరిగ్గా ఆ దారినే వస్తుంది. మీది ఈ రకమే అయితే బయటి సంబంధం చేసుకున్నా ఇంతే జరిగేది. మేనరికం వల్ల ముప్పు పెరిగేది, తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం రావాల్సిన ఇంకో రకంలో. ఏ రకమో రక్తంతో చేసే జన్యు పరీక్షలో తేలుతుంది. ముందు తమ్ముడికి చేయిస్తే మేలు. అతనిలో ఏ మార్పు ఉందో తెలిస్తే బాబులో దాన్నే వెతకొచ్చు, బయాప్సీ అవసరం తప్పవచ్చు.

పిల్లల నెఫ్రాలజిస్టుకు, అంటే కిడ్నీ డాక్టర్‌కు చూపించండి. బెంగళూరులో సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఇందుకు ప్రత్యేక విభాగం ఉంది. మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్ నిష్పత్తి, బీపీ, ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష), కంటి పరీక్ష చేయించాలి. వినికిడి ముందు సన్నటి, కీచు శబ్దాలకు తగ్గుతుంది. ఇంట్లో మామూలు మాటలు వినిపిస్తుంటాయి కాబట్టి తల్లిదండ్రులకు తెలియదు. స్కూల్లో టీచర్ ‘ధ్యాస లేదు’ అంటుంటే వాడిని కసురుకోకముందే పరీక్ష చేయించండి.

జబ్బును పూర్తిగా నయం చేసే మందు లేదు. కానీ రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు వడపోత మీద ఒత్తిడి తగ్గించి, కిడ్నీ ఫెయిల్యూర్‌ను ఏళ్ల తరబడి వెనక్కి నెడతాయి. బీపీ లేకపోయినా ఇస్తాం, కాబట్టి కంగారు పడొద్దు. మగపిల్లల్లో ఎక్స్ రకం జబ్బు తేలితే రెండేళ్ల వయసు నుంచే మొదలుపెట్టొచ్చు. మధ్యమధ్య పొటాషియం, క్రియాటినిన్ చూసుకోవాలి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్ర ఆపి డాక్టర్‌ను అడగండి. జ్వరానికి పారాసిటమాల్ చాలు, ఐబుప్రొఫెన్ వద్దు. భస్మాల జోలికి పోవద్దు. పప్పు, గుడ్డు మాన్పించకండి, ఎదిగే పిల్లాడు.

కిడ్నీ దానం మాట ఇప్పుడే వద్దు. ఈ జబ్బులో మార్పిడి బాగా పనిచేస్తుంది. అయితే లోపాన్ని మోసే తల్లి కిడ్నీకి కూడా కాలక్రమంలో ముప్పు ఉంటుంది, అందుకే దాతగా ఆమెను చివరగా ఆలోచిస్తాం. బాబుతో పాటు అదే రోజు మీ మూత్రం, బీపీ కూడా చూపించుకోండి.