టెక్ సందేహాలు: మోటార్ టక్ టక్ మంటోంది, స్టేటర్ మార్చాలా?

ప్రశ్న: అన్నా, జీడిమెట్లలో చిన్న వర్క్‌షాప్ మాది. సైకిల్‌కి పెట్టే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని) మోటార్ చేస్తున్నాం, 12 స్లాట్లు, 8 మ్యాగ్నెట్లు. చేత్తో తిప్పితే టక్ టక్ మని పట్టేస్తోంది, స్లో స్పీడ్‌లో బండి వణుకుతోంది. స్టేటర్‌ని (కాయిల్స్ ఉండే, తిరగని భాగాన్ని) స్క్యూ చేయమని, అంటే స్లాట్లు కొంచెం ఏటవాలుగా వచ్చేలా చేయమని ఒకాయన చెప్పారు, అలా చేస్తే కాయిల్ దిగదని మా వైండర్ మొత్తుకుంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: మీ వైండర్ మాటే వినండి. స్క్యూ తప్పేం కాదు, స్టాంపింగులని (స్టేటర్ రేకులని) కొద్దికొద్దిగా తిప్పుతూ పేరిస్తే టక్ టక్ నిజంగానే తగ్గుతుంది, కానీ మీకు అంత దూరం పోవాల్సిన పని ఇంకా రాలేదు.

ముందు ఒక టెస్ట్ చేయండి. కంట్రోలర్ నుంచి మూడు ఫేజ్ వైర్లు పీకేసి, ఒకదానికొకటి తగలకుండా పెట్టి (తగిలితే మోటారే బ్రేక్ వేసినట్టు బరువెక్కుతుంది) షాఫ్ట్ మెల్లగా తిప్పండి. కరెంట్ లేకుండా కూడా పట్టేస్తే అది కాగింగ్, అంటే మ్యాగ్నెట్లు స్టేటర్ పళ్లని లాగి వదలడం. చేత్తో స్మూత్‌గా తిరిగి, కరెంట్ ఇచ్చినప్పుడే వణికితే మాత్రం కంట్రోలర్ వైపు చూడండి. సైన్ వేవ్ మోటార్‌కి సిక్స్ స్టెప్ (కరెంట్‌ని ఆరు మెట్లుగా మార్చే) కంట్రోలర్ పెడితే అన్నీ కరెక్ట్‌గా ఉన్నా టార్క్ (తిప్పే బలం) సుమారు 13 శాతం ఊగుతుంది, దానికి మందు ఎఫ్‌ఓసీ కంట్రోలర్, అది కరెంట్‌ని సైన్ వేవ్‌లా సాఫీగా ఇస్తుంది.

కాగింగే అయితే లెక్క సింపుల్. రౌండ్‌కి ఎన్ని టక్‌లు అంటే స్లాట్లకీ మ్యాగ్నెట్లకీ క.సా.గు. 12కీ 8కీ 24. అదే 10 మ్యాగ్నెట్లు పెట్టండి, 60 అవుతుంది, టక్‌లు పెరిగేకొద్దీ ఒక్కోదాని బలం మామూలుగా బాగా పడిపోతుంది. మీ స్టాంపింగ్ అదే, డై అదే, మారేది రోటర్ (మ్యాగ్నెట్లు ఉండే, తిరిగే భాగం), కాయిల్ కనెక్షన్ అంతే, పక్కపక్క పళ్లు రెండూ ఒకే ఫేజ్, ఒకటి కుడికి చుడితే ఇంకోటి ఎడమకి. పైగా వైండింగ్ ఫ్యాక్టర్ (చుట్టిన కాయిల్ ఎంతవరకు పనికొస్తోందో చెప్పే లెక్క) 0.866 నుంచి 0.933కి పోతుంది, అంటే అదే రాగికి ఇంకాస్త టార్క్. నాకైతే మోటార్ డిజైన్‌లో ఇంత చవగ్గా దొరికే లాభం ఇంకోటి కనబడదు.

హాల్ సెన్సర్లు (మ్యాగ్నెట్లు ఎక్కడున్నాయో కంట్రోలర్‌కి చెప్పేవి) మర్చిపోవద్దు. 8 మ్యాగ్నెట్లకి 30 డిగ్రీల దూరంలో ఉంటే 10కి 24 డిగ్రీలకి జరపాలి, లేకపోతే మోటార్ మొరాయిస్తుంది. అదే స్పీడ్‌కి ఫ్రీక్వెన్సీ 25 శాతం పెరుగుతుంది కాబట్టి స్టేటర్ ఇనుము ఇంకాస్త వేడెక్కుతుంది, అదీ చూసుకోండి. 9 స్లాట్లు 8 మ్యాగ్నెట్లకి 72 వస్తుంది కదా అని అటు పోకండి, రోటర్‌ని ఒక పక్కకి లాగుతుంది, సౌండ్ వస్తుంది, బేరింగ్ మీద పడుతుంది.

మ్యాగ్నెట్లు కంటి అంచనాతో అంటించొద్దు, జిగ్ (వాటిని సరైన చోట పట్టి ఉంచే అచ్చు) కావాలి. రాయదుర్గంలోని ప్రోటోటైప్ సెంటర్ టి-వర్క్స్‌లో త్రీడీ ప్రింటింగ్ ఉంది, అడగండి. అంటించాక రౌండ్‌కి 12 పెద్ద టక్‌లు తగిలితే ఏదో ఒక మ్యాగ్నెట్ పక్కకి జరిగిందనో వీక్‌గా ఉందనో అనుకోవాలి. అన్నీ సరిగ్గా ఉన్నా ఇంకా స్మూత్ కావాలంటే అప్పుడు స్క్యూ, అదీ రోటర్ మీదే, మ్యాగ్నెట్లని పొడవులో రెండు ముక్కలు చేసి రెండో వరసని 3 డిగ్రీలు జరిపితే చాలు, స్టేటర్ సూటిగానే ఉంటుంది, కాయిల్ హాయిగా దిగుతుంది.

ప్రశ్న: సార్, ఇంజినీరింగ్ ఫైనలియర్. మోటార్ డిజైన్ సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేదు, ఫ్రీగా ఏమైనా ఉందా?

జవాబు: ఎఫ్‌ఈఎంఎం (FEMM) ఉంది, పూర్తిగా ఫ్రీ, మామూలు విండోస్ ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. అది 2డీ కాబట్టి స్క్యూ నేరుగా కనబడదు, ముక్కలుగా సాల్వ్ చేసి సగటు తీసుకోవాలి. కాగింగ్ చూసేటప్పుడు ఎయిర్ గ్యాప్‌లో (స్టేటర్‌కీ రోటర్‌కీ మధ్య ఖాళీలో) మెష్, అంటే సాఫ్ట్‌వేర్ లెక్క కోసం గీసుకునే వల, బాగా సన్నగా పెట్టండి, లేకపోతే వచ్చే గ్రాఫ్ మోటార్‌ది కాదు, మెష్‌ది. పైన చెప్పిన 12 స్లాట్లు 10 మ్యాగ్నెట్ల మోటార్‌లో ఒక టక్ 6 డిగ్రీలే, అర డిగ్రీ చొప్పున తిప్పుకుంటూ పోతే 12 సార్లు సాల్వ్ చేస్తే అయిపోతుంది.