వార్‌ఫ్రేమ్ ఫ్రీగా ఆడొచ్చా? ఆడొచ్చు, బేరం వస్తే

ప్రశ్న: “షిఫ్ట్ ఉద్యోగం, జీతం అంతంత మాత్రం. ఒక్క రూపాయి పెట్టకుండా వార్‌ఫ్రేమ్ ఎంతవరకు ఆడగలను? అందులో మంచేంటి, చెడేంటి?”

చివరిదాకా ఆడగలరు. నేను పరవాడ ఫార్మాసిటీలో షిఫ్టులు చేసుకుంటూ, గాజువాకలో అద్దెకుంటూ, మా తమ్ముడు వదిలేసిన పాత లాప్‌టాప్ మీద ఏళ్ళుగా ఆడుతున్నాను. ఆ గేమ్ కోసం నా జేబులోంచి ఇంతవరకు పైసా పోలేదు. నా దగ్గర లేని ఫ్రేములు, అంటే గేమ్‌లో మనం నడిపే యోధులు, వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

కాకపోతే ఒక షరతు. మీకు బేరం ఆడటం వచ్చి ఉండాలి. గురి చూసి కాల్చడం మెల్లగా నేర్చుకోవచ్చు, బేరం మాత్రం ముందే రావాలి. ఈ సంగతి ఎవరూ చెప్పరు. యూట్యూబ్‌లో మన కుర్రాళ్ళు “పే టు విన్ బ్రో”, అంటే డబ్బు పెట్టినోడిదే గెలుపు అని ఒక్క ముక్కలో తేల్చేసి, మిగతా పది నిమిషాలూ వాళ్ళ కుర్చీ గురించీ కీబోర్డు లైట్ల గురించీ చెప్తారు. ఫ్రీ గేమ్ అనగానే మోసం అనుకోవడం మనవాళ్ళకి అలవాటైపోయింది.

మంచి సంగతుల్లో మొదటిది కదలిక. బుల్లెట్ జంప్, అంటే తూటాలా దూసుకెళ్ళే గెంతు, ఒకసారి చేతికి అలవాటైతే, ఇంకే షూటింగ్ గేమ్‌లోనైనా నడవాలంటేనే విసుగొస్తుంది. గోడెక్కి, గాల్లో తిరిగి, కింద ఉన్న గ్రీనీర్ సైనికుల మీద పడుతుంటే నైట్ షిఫ్ట్ చేసొచ్చిన ఒళ్ళు కూడా తేలికవుతుంది. 2013 మార్చిలో వచ్చిన గేమ్ ఇది, కెనడాలోని డిజిటల్ ఎక్స్‌ట్రీమ్స్ వాళ్ళది. ఇన్నేళ్ళయినా ఆ కదలికలో దీనికి సాటి వచ్చేది నాకు కనపడలేదు.

రెండోది, అందరూ తిట్టేది, నేను మాత్రం మెచ్చుకునేది: ఫౌండ్రీ, అంటే గేమ్‌లో వస్తువులు తయారుచేసుకునే కొలిమి. చాలా తుపాకులు తయారవడానికి 12 గంటలు. వార్‌ఫ్రేమ్ విడిభాగాలకి ఒక్కోదానికి 12 గంటలు, అవన్నీ కలిపి ఫ్రేమ్ బయటికి రావడానికి 72 గంటలు. ఆగలేకపోతే ప్లాటినం అనే గేమ్ డబ్బు కట్టి అప్పటికప్పుడు తీసుకోవచ్చు. అంటే కంపెనీ అమ్ముకునేది మన తొందరని. కానీ షిఫ్ట్ చేసేవాడికి తొందర ఎక్కడిది? సీ షిఫ్ట్‌కి కంపెనీ బస్సెక్కే ముందు తుపాకీని పనికి పెట్టేసి వెళ్తాను. పొద్దున వచ్చి, స్నానం చేసి, తిని, పడుకుని లేచేసరికి అది తయారై ఉంటుంది. ఆ 72 గంటలు నరకంగా కనపడేది సెలవుల్లో పొద్దస్తమానం గేమ్ ముందే కూర్చునే కాలేజీ కుర్రాళ్ళకి. వాళ్ళ ఏడుపుని గేమ్ లోపంగా రాసేస్తే ఎలా?

ఆ కంపెనీకి కొంచెం సిగ్గు కూడా ఉందని నా నమ్మకం. కుబ్రో అని గేమ్‌లో కుక్క ఉంటుంది. దాని బొచ్చు రంగు మార్చడానికి ఒకప్పుడు మీట లాంటిది పెట్టారు, ప్లాటినం కట్టి నొక్కితే ఏ రంగు వస్తుందో అదృష్టం. ఎవరో ఒకాయన దాన్ని 200 సార్లు నొక్కాడట. అది చూసి, జూదం యంత్రం చేసి పెట్టాం కదా అని వాళ్ళే దాన్ని తీసేశారు. వచ్చే డబ్బుని వద్దనుకున్న కంపెనీలు ఈ వ్యాపారంలో ఎన్ని ఉంటాయి?

ఇక అసలు సంగతి, ప్లాటినం. డబ్బు పెట్టి కొనేది అదే. అయితే దాన్ని ఆటగాళ్ళు ఒకరికొకరు ఇచ్చుకోవచ్చు. ఎక్కడో ఎవరో డాలర్లు పెట్టి కొన్న ప్లాటినం, నేను రాత్రుళ్ళు కూర్చుని సంపాదించిన ప్రైమ్ (మామూలు ఫ్రేములకన్నా మెరుగైన రకం) భాగానికి ధరగా నా దగ్గరికి వస్తుంది. వాడికి టైం లేదు, నాకు డబ్బు లేదు. ఇద్దరికీ సరిపోయింది. ఈ ఒక్క ఏర్పాటు లేకపోతే నేను ఈ గేమ్‌ని ఎప్పుడో తీసేసేవాణ్ణి.

దీన్ని నాకు సరిగ్గా నేర్పింది మా మావయ్య. ఆయనది అనకాపల్లి, బెల్లం మార్కెట్‌లో కమీషన్ వ్యాపారం. కంటి ఆపరేషన్ తర్వాత చూపించుకోవడానికి విశాఖ వచ్చి మా ఇంట్లో దిగాడు. ఫోన్ చూడొద్దన్నారు, టీవీ చూడొద్దన్నారు. నల్లద్దాలు పెట్టుకుని నా మంచం మీద కూర్చుని, చూడకూడని నా స్క్రీనే చూస్తున్నాడు.

ఆ రోజు నేను ‘లోకి ప్రైమ్’ అనే ఫ్రేమ్‌కి సిస్టమ్స్ అనే భాగాన్ని అమ్మకానికి పెట్టాను. ఆటగాళ్ళే నడుపుకునే ధరల సైట్‌లో అది 60 ప్లాటినం దగ్గర నడుస్తోంది. ఒకడు మెసేజ్ పెట్టాడు, 40కి ఇస్తావా అని. గేమ్‌లో మా క్లాన్ (జట్టు) అడ్డా అయిన డోజోకి రమ్మన్నాను. వచ్చాడు. ఒంటినిండా బంగారు రంగు, భుజాన ఏదో ఖరీదైన గుడ్డ. ట్రేడింగ్ పోస్ట్ ముందు నిలబడకుండా ఎగురుతున్నాడు, దిగుతున్నాడు, మళ్ళీ ఎగురుతున్నాడు.

“ఏట్రా అది? ఎవుడాడు?” అన్నాడు మావయ్య.

“కొనడానికి వచ్చాడు మావయ్యా. నలభై ఇస్తానంటున్నాడు.”

“సరుకు అరవై అన్నావు కదా.”

“పోనీలే, ఇచ్చేద్దామని.”

“నువ్వు మాటాడకు. ఆడి ఎగురుడు చూడు, ఎంత ఆత్రంగా ఉన్నాడో. కాసేపు ఊరుకో.”

ఊరుకున్నాను. ట్రేడ్ విండోలో నా వైపు సిస్టమ్స్ పెట్టి ఉంది, వాడి వైపు 40. ఒక నిమిషం గడిచాక ఆ అంకె 45 అయింది. ఇంకాసేపటికి 50. నా చెయ్యి ఒప్పుకునే బటన్ మీదకి పోతుంటే మావయ్య మోచేత్తో పొడిచాడు.

“ఆడికి ఈ ముక్క ఒక్కటే కావాలా, మొత్తం కావాలా? అడుగు.”

అడిగాను. మిగతా మూడూ ఉన్నాయట, బ్లూప్రింట్, న్యూరోప్టిక్స్, ఛాసిస్. ఇదొక్కటే తక్కువట.

“అయితే అరవైకి ఒక్కటి కూడా తగ్గకు. మూడు ముక్కలు కొనుక్కున్నోడు నాలుగోదాని దగ్గర ఎనక్కి పోడు.”

60 అని ఒక్క ముక్క టైప్ చేశాను. అవతల ఎగరడం ఆగింది. అంకె 60 అయింది. ఇద్దరం ఒప్పుకున్నాం, వాడు థాంక్స్ కూడా చెప్పకుండా మాయమయ్యాడు. మావయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, “ఇదేటి, మా మార్కెట్ కంటే సుఖంగా ఉంది, హమాలీ ఖర్చు లేదు,” అన్నాడు.

హమాలీ ఖర్చు లేదు గానీ ప్రతి ట్రేడ్‌కీ గేమ్ క్రెడిట్ల రూపంలో పన్ను లాగుతుందని చెప్పాను. ఆయనకి అది మాత్రం నచ్చలేదు.

అక్కడితో ఊరుకోలేదు. పాత ప్రైమ్‌లని కొన్నాళ్ళకి కంపెనీ వాల్ట్‌లో పెట్టేస్తుందనీ, అప్పట్నించి కొత్తగా ఎవరికీ దొరకవనీ చెప్పగానే ఆయన కళ్ళు మెరిశాయి. “మరి ఇప్పుడే అమ్ముతావేట్రా? కోల్డ్ స్టోరేజీలో పడెయ్,” అన్నాడు. అనకాపల్లి వెళ్ళాక కూడా ఫోన్ చేసి, అమ్మ క్షేమం అడిగే ముందు లోకి రేటు అడిగేవాడు. 2021 నవంబరులో కంపెనీ ప్రైమ్ రిసర్జెన్స్ అని మొదలుపెట్టింది. గేమ్‌లోని మారూస్ బజార్ అనే సంతలో వర్జియా అని ఒకావిడ కూర్చుని, వాల్ట్‌లో ఉన్నవాటిని వంతులవారీగా బయటికి వదులుతుంది. లోకి వంతు కూడా వచ్చింది, ధర జారింది. భయపడుతూ ఫోన్‌లో చెప్పాను. ఆయన ఏమాత్రం తొణకలేదు. “పడిందా? అయితే ఇప్పుడు కొను,” అన్నాడు.

చెడు కూడా ఇక్కడే ఉంది. ఇంత పెద్ద మార్కెట్ పెట్టి ఒక వేలం కొట్టు పెట్టలేదు మహానుభావులు. అమ్మేవాడూ కొనేవాడూ ఒకే టైంలో ఆన్‌లైన్‌లో ఉండాలి, డోజోలోనో మారూస్ బజార్‌లోనో కలవాలి. రోజుకి మీ మాస్టరీ ర్యాంకు (ఆడుతూ పెంచుకునే స్థాయి) ఎంతో అన్ని ట్రేడ్‌లే. కొత్తవాడికి ర్యాంకు తక్కువ, డబ్బు అవసరం ఎక్కువ, వాడికే అవకాశాలు తక్కువ. నాకైతే గేమ్ ఆడదామని కూర్చుని, సాయంత్రమంతా మెసేజ్‌లకి జవాబులిచ్చి లేచిన రోజులు చాలా ఉన్నాయి. ఆయుధాలకి తగిలించి బలం పెంచుకునే రివెన్ మోడ్‌ల జోలికి మాత్రం వెళ్ళకండి. ఏ గుణం వస్తుందో తెలియకుండా, గేమ్‌లో సంపాదించిన కువా అనే సరుకు పోసి మళ్ళీ మళ్ళీ తిప్పడమే ఆ పని. కుబ్రో రంగుల మీటని తీసేసిన కంపెనీయే దీన్ని ఇన్నేళ్ళుగా ఎలా ఉంచిందో నాకు అంతుపట్టదు.

ఇంకొకటి హోస్ట్ మైగ్రేషన్. దీని గురించి తలుచుకుంటేనే బీపీ లేస్తుంది. మిషన్ నడిచేది కంపెనీ సర్వర్ మీద కాదు, కలిసి ఆడే నలుగురిలో ఒకరి (హోస్ట్) కంప్యూటర్ మీద. వాడు వెళ్ళిపోతే ఆట ఆగి, ఇంకొకరి మీదకి మారుతుంది. మారితే సరే, ఒక్కోసారి అప్పటిదాకా సంపాదించింది గాల్లో కలిసిపోతుంది. ప్రైమ్ భాగాలు దొరికేది రెలిక్‌లలో, వాటిలో అరుదైన వస్తువు వచ్చే అవకాశం మామూలుగా 2 శాతం. గేమ్‌లో దొరికే వాయిడ్ ట్రేసులు 100 పోసి రెలిక్‌ని పై స్థాయికి, అంటే రేడియంట్ చేస్తే 10 శాతం. నలుగురూ ఒకే రెలిక్‌ని రేడియంట్ చేసి తెస్తే, కనీసం ఒకరికి పడే అవకాశం మూడింట ఒక వంతు దాటుతుంది. అంత కష్టపడి నలుగురం చేరి, చివర్లో హోస్ట్ అమ్మ భోజనానికి పిలిచిందని వాడు పోతే ఎవరిని తిట్టాలి?

పైగా మా వీధి కేబుల్ నెట్. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి ఊరంతా చీకటైనప్పుడు నేను ఎవరినీ ఏమీ అనలేదు, చెట్లూ స్తంభాలూ రోడ్డు మీద పడి ఉంటే ఏమంటాం. కానీ మామూలు చినుక్కి కూడా పోతే? ఫోన్ చేస్తే “ఏరియా మొత్తం పోయింది సార్” అంటారు, అదేదో గొప్పలా. కాబట్టి నెట్ బాగోకపోతే మీరు హోస్ట్ కాకండి. సెట్టింగ్స్‌లో పింగ్ (నెట్ ఆలస్యం) పరిమితి తగ్గించుకుంటే దగ్గర దేశాల వాళ్ళతోనే కలుపుతుంది, దాంతో సగం తలనొప్పి పోతుంది.

కథ గురించి అడగలేదు గానీ చెప్తాను. గేమ్ ఏదీ వివరించదు. మోడ్ అంటే ఏంటో, ఎక్కడ ఏది దొరుకుతుందో బయట వికీ తెరిచి చూసుకోవాల్సిందే. కథ అసలు రంగులోకి వచ్చేది 2015 డిసెంబరులో వచ్చిన ‘ది సెకండ్ డ్రీమ్’ క్వెస్ట్‌తో. అక్కడికి చేరేలోపే చాలామంది తీసేసి వెళ్ళిపోతారు. మీరు ఆగండి. అప్పటిదాకా ఎవరూ మీకు దాని ముగింపు చెప్పకుండా చూసుకోండి. వీనస్ మీద ఫార్చ్యునా అని ఒక చోటు ఉంటుంది. అప్పుల్లో కూరుకుపోయి, ఒంట్లోని అవయవాలు కూడా కార్పస్ అనే వ్యాపార ముఠా వాళ్ళకి తాకట్టు పడిన కూలీల బస్తీ అది. వాళ్ళ గోడు విని కళ్ళు తుడుచుకుని మెనూ తెరిస్తే ప్లాటినం ప్యాకేజీలు కనపడతాయి. రాసినవాళ్ళు ఒకరు, అమ్మేవాళ్ళు ఒకరు అయి ఉండాలి.

మొదలుపెడితే మొదట ఇచ్చే 50 ప్లాటినాన్ని రంగులకీ, ఫౌండ్రీ తొందరకీ తగలెయ్యకండి. ఆ ప్లాటినాన్ని వేరేవాళ్ళకి ఇవ్వడం కుదరదు, కాబట్టి స్లాట్లకి, అంటే ఫ్రేములూ ఆయుధాలూ ఉంచుకునే చోట్లకి వాడండి. ఫ్రేములకి ముందు రెండే స్లాట్లు ఉంటాయి, తర్వాత ఒక్కోటి 20 ప్లాటినం. ఆయుధాలకైతే రెండు స్లాట్లు 12. వీనస్ మీద ఫోసాలో జాకల్ అనే నాలుగు కాళ్ళ యంత్రాన్ని కొడితే రైనో భాగాలు పడతాయి. ఐరన్ స్కిన్ వేసుకుంటే కొత్తవాళ్ళని కూడా చాలా దూరం బతికించే ఫ్రేమ్ అది. అప్పుడప్పుడూ లాగిన్ బహుమతిగా ప్లాటినం మీద 75 శాతం తగ్గింపు కూపన్ వస్తుంది. ఎప్పటికైనా డబ్బు పెట్టాలనిపిస్తే ఆ రోజు పెట్టండి, అంతకుముందు వద్దు.

ట్రేడ్ చేయాలంటే టూ ఫ్యాక్టర్ ఆథెంటికేషన్ ఆన్ చేసుకోవాలి, మాస్టరీ ర్యాంకు కనీసం 2 ఉండాలి. క్లాన్ లేకపోతే మాది ఉంది, పదిమంది పట్టే ఘోస్ట్ క్లాన్, పెళ్ళిళ్ళయ్యి చాలామంది మానేశారు కాబట్టి చోటుకేం కొదవ లేదు. బీ షిఫ్ట్ వారంలో రాత్రి పదకొండు దాటాక దొరుకుతాను. మిషన్ మధ్యలో భోజనానికి లేచేవాళ్ళు మాత్రం ముందే చెప్పండి.