కారు ఛార్జర్‌ను చిన్న విమానంలో పెడితే పొగ ఎందుకొస్తుంది?

పైలట్ ట్రైనింగ్‌లో ఉన్న మీ తమ్ముడు సెస్నా 152 అనే చిన్న విమానంలో కారు ఛార్జర్ వాడొచ్చా అని మీరు అడిగారు. ఏది పడితే అది వద్దండి.

కారులో 12 వోల్టులు, ఇంజిన్ నడుస్తుంటే 14. సెస్నా 152లో 28. సాకెట్ మాత్రం చూడ్డానికి ఒకేలా ఉంటుంది. నల్గొండలో మా రిపేరు షాపుకొచ్చిన ఒక చౌక ఛార్జర్ విప్పి చూశాను. కరెంటును కాసేపు నిల్వచేసే శనగగింజంత కెపాసిటర్, దాని మీద 16 వోల్టులని రాసుంది, అంటే అంతకు మించి తట్టుకోలేదు. దానికి 28 తగిలితే ఉబ్బి పగులుతుంది, పక్కనున్న ప్లాస్టిక్ మాడుతుంది.

కరెంటు మితిమీరితే ఆపేసే బ్రేకర్ పడిపోతుందిలే అనుకోవద్దు, అది వైరును కాపాడటానికి, ఛార్జర్‌ను కాదు. 28 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లంటేనే 84 వాట్లు, అంత వేడి పుట్టినా 10 ఆంపియర్ల బ్రేకర్ కదలదు. ఇద్దరు భుజాలు రాసుకుని కూర్చునే క్యాబిన్‌లో ఆ పొగ కళ్లు తెరవనివ్వదు.

పొగ కనిపిస్తే ముందు ఛార్జర్ పీకెయ్యాలి. ఆగకపోతే చెక్‌లిస్టు ప్రకారం విమానం కరెంటంతా ఆపే మాస్టర్ స్విచ్ ఆఫ్. భయం లేదు, ఇంజిన్ ఆగదు, స్పార్కు మాగ్నెటోల నుంచి వస్తుంది, అవి ఇంజిన్‌తో తిరుగుతూ సొంతంగా కరెంటు పుట్టించుకుంటాయి. పడిన బ్రేకర్‌ను మళ్లీ నొక్కకుండా దగ్గర్లో దిగిపోవాలి.

కొనేటప్పుడు ఇన్‌పుట్ 32 వోల్టుల దాకా ఉందో లేదో చూడమనండి.