ఊరిని చందా అడగకు, లెక్క అడగమను

బిడ్డకు దీవెనలు.

గద్వాల పక్క ఊళ్లో ప్రైమరీ స్కూలుకు హెచ్‌ఎంగా పోస్టింగు వచ్చిందని, బడి తెరవగానే సర్పంచును, దాతలను పిలిచి పెద్ద మీటింగు పెడతానని రాశావు. పోస్టింగు సంగతి విని సంతోషమైంది. ఆ మీటింగు మాత్రం కొన్నాళ్లు ఆపు. షామియానా వేసి, శాలువాలు కప్పి, బెంచీలకూ ప్రహరీకీ చందా అడిగితే ఊరు ఒకసారి ఇస్తుంది. ఇచ్చాక తన పని అయిపోయిందనుకుని ఇంటికి పోతుంది. నీకు కావలసింది, "మా పిల్లకు చదవడం వచ్చిందా టీచరమ్మా?" అని నిన్ను నిలదీసే ఊరు. ఆ అలవాటు నువ్వే చెయ్యాలి.

జూన్‌లో పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాట అని ఎలాగూ ఇళ్లకు తిరుగుతారు. ర్యాలీలు, నినాదాలు ఫొటోల మందం బాగానే ఉంటాయి. నువ్వు పొద్దుగూకాక మళ్లీ ఓసారి పో. ఊరి చివరి వాడలకు ముందు పో. తండా ఉంటే తండాకు పో. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మినిట్స్ బుక్కులో చూస్తే అందరూ ఉంటారు, సంతకాలూ వేలిముద్రలూ ఉంటాయి. పగలు పదకొండింటికి మీటింగు పెడితే చేనుకు పోయిన తల్లి ఎట్లా వస్తుందో ఆ బుక్కులో ఉండదు. 2024లో మన తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి కదా, గ్రామ మహిళా సంఘం అధ్యక్షురాలే దానికి చైర్‌పర్సన్, నువ్వు కన్వీనర్‌వి. ఇది నీకు కలిసొచ్చే ఏర్పాటు. తీర్మానం రాయడం, పైసా పైసా లెక్క చూడడం, బాకీ వసూలు చెయ్యడం సంఘం ఆడవాళ్లకు కొత్త కాదు. ఆ కమిటీని మరుగుదొడ్ల రిపేర్లకూ యూనిఫాం కుట్లకూ వదిలేసి ఊరుకోకు. చదువు లెక్క కూడా వాళ్ల ముందే పెట్టు.

మొదటి మీటింగు రాత్రి అన్నాలు తిన్నాక, వాడలోనే, వీధి లైటు కింద పెట్టు. రెండో తరగతి తెలుగు వాచకంలోంచి నాలుగు వాక్యాలు చార్టు మీద పెద్ద అక్షరాలతో రాసి తీసుకుపో. ఒక ఇంగ్లీషు వాక్యం కూడా రాయి. 2022-23 నుంచి మన బడుల్లోనూ ఇంగ్లీషు మీడియం పెట్టారు కాబట్టి, పిల్లల్ని ప్రైవేటు బడి పసుపు బస్సు ఎక్కిద్దామా అని ఊగిసలాడే తల్లులు మొదట అడిగేది అదే. పిల్లను నలుగురిలో నిలబెట్టి చదివించకు. తల్లి పక్కన కూచోబెట్టి, ఆమెకు వినబడేలా చదవమను. చదువురాని తల్లికి ఏం తెలుస్తుందని అనుకోకు. పిల్ల "చె... చె... చెరు... చెరువు" అని కూడబలుక్కుంటుంటే ఆమె మొహం చూడు, నీకంటే ముందే ఆమెకు అర్థమైపోతుంది. గలగలా చదివేస్తే అదీ అర్థమవుతుంది. ఏ మాట దగ్గర ఆగిందో ఆమె చూస్తుండగా నోటుబుక్కులో రాసుకో. "దసరా సెలవులిచ్చే లోపు ఈ నాలుగు వాక్యాలూ ఆగకుండా చదివిస్తా" అని మాటివ్వు. దసరాకు అదే చార్టు, అదే నోటుబుక్కు పట్టుకుని అదే వాడకు పో. మాటిచ్చాక నీకూ నీ తోటి టీచర్లకూ కొంచెం భయం పట్టుకుంటుంది. పట్టుకోనీ. గద్వాల నుంచి బస్సు ఆలస్యమైందనే మాట దాంతో తగ్గిపోతుంది.

"మరి మీ పిల్లలు ఏ బడిలో చదువుతున్నరు టీచరమ్మా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ప్రైవేటుకు పంపుతుంటే పంపుతున్నానని చెప్పు, ఎందుకో కూడా చెప్పు. ఊరికి ఆ సంగతి ముందే తెలుసు, నువ్వు ఏమంటావోనని చూస్తారు అంతే.

ఇప్పుడు అసలు కష్టం. మీ వైపు సీడు పత్తి, అంటే విత్తనాల కోసం వేసే పత్తి. ఆగస్టు వచ్చేసరికి క్రాసింగు మొదలవుతుంది. మధ్యాహ్నం మొగ్గ విప్పి మగ భాగం తీసెయ్యాలి, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి అద్దాలి. ప్రతి పువ్వుకూ చేత్తోనే. రోజు తప్పితే ఆ పువ్వు పోయినట్టే. అందుకే నాలుగు, ఐదు తరగతుల ఆడపిల్లలు ఒక్కొక్కరే కనబడకుండా పోతారు. "మా సొంత చేనే మేడం, కూలికి కాదు" అంటారు. బాలకార్మిక చట్టానికి 2016లో వచ్చిన సవరణ తర్వాత 14 ఏళ్ల లోపు పిల్లలు సొంత ఇంటి పనికైనా సాయపడాల్సింది బడి అయ్యాకో, సెలవుల్లోనో. ఆ మాట నెమ్మదిగా చెప్పు. పోలీసులు, కేసులు అంటూ మొదలుపెట్టకు.

ఈ పని ముందే చేసి చూపించినవాళ్లున్నారు. శాంతా సిన్హా గారి స్వచ్ఛంద సంస్థ ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా ఊళ్లలో టీచర్లనూ, యువకులనూ, పంచాయతీవాళ్లనూ ఒక్కచోట కూర్చోబెట్టింది. బడిలో లేని ప్రతి పిల్లా పనిలో ఉన్న పిల్లే అన్నది వాళ్ల మాట. టీచర్లు బాలకార్మిక విమోచన వేదిక అని సంఘమే పెట్టుకున్నారు. 2003లో శాంతా సిన్హా గారికి మెగసెసే అవార్డు వచ్చింది. నేను అందులోంచి తీసుకున్నది ఒకటే: రైతు ఇంటికి టీచరు ఒక్కతే పోకూడదు. ఒక్కదానివే పోతే "నీ జీతం నీకొస్తది, నా పంట సంగతేంది" అంటాడు. సంఘం అధ్యక్షురాలు, పక్కింటి తల్లి, వార్డు మెంబరు వెంట ఉంటే ఆ మాట నోట రాదు. అతనితో తగువు మాత్రం తెచ్చుకోకు, అతని మనవడూ రేపు నీ బడికే రావాలి.

డబ్బు గురించి రెండు మాటలు. గ్రాంటు ఎంత వచ్చింది, దేనికి పోయిందో బడి గోడ మీద పెయింటుతో రాయించు. ఫైల్లో ఉన్న లెక్క ఎవరూ చూడరు. దాతలు వస్తే రానీ, నగదు చేతికి తీసుకోకు, వస్తువు తెమ్మను, తీర్మానంలో రాయి. ఫ్యాను ఇచ్చినవాళ్లు మూడు రెక్కల మీదా పేరు రాయించుకుంటారు. స్విచ్ వేస్తే ఎలాగూ కనబడదు కాబట్టి ఒప్పుకో.

మధ్యాహ్న భోజనం రుచి చూడడానికి రోజుకు ఇద్దరు తల్లులను వంతులవారీగా రమ్మను. వారానికి మూడు గుడ్లు పడుతున్నాయో లేదో వాళ్లే చూసుకుంటారు. వంటామె మీదకు మాత్రం వాళ్లను తోలకు. ఆమెదీ అదే ఊరు, బిల్లు నెలల తరబడి రాకపోతే అప్పు తెచ్చి సరుకు కొనేది ఆమే. ఆమె కులం చూసి ఎవరైనా పిల్లను తిననివ్వకపోతే బతిమాలొద్దు, బేరాలొద్దు. మీ టీచర్లందరూ పిల్లలతో పాటు పంక్తిలో కూచుని తినండి, రోజూ తినండి.

టీచరు పోస్టు ఖాళీగా ఉంటే, డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న ఊరి అమ్మాయిని వలంటీరుగా పెట్టుకుందామని కమిటీ అంటుంది. పెట్టుకోండి, కానీ ఏ నెల దాకా అన్నది తీర్మానంలోనే రాయాలి. 60 మంది లోపు పిల్లలకు ఇద్దరు టీచర్లుండాలని విద్యాహక్కు చట్టంలోనే ఉంది. ఆ పోస్టు అడుగుతూ కమిటీ తరఫున మండల విద్యాధికారికి (ఎంఈఓకు) కాగితం అదే రోజు పోవాలి. లేకపోతే ఊరు చందాతో నడుపుకుంటుందిలే అని పైవాళ్లు ఊరుకుంటారు.

చార్టు మీద ఏ నాలుగు వాక్యాలు రాస్తావో ముందు నాకు ఫోనులో పంపు. ఒత్తులు మరీ ఎక్కువున్నవి ఎంచుకోకు.

ఇట్లు
మీ సారు