సెకండ్ హ్యాండ్ ఫోన్ దొంగదని తేలింది, ఐఎంఈఐ మార్పిస్తే బయటపడతానా?

ప్రశ్న: గుంటూరులో డిగ్రీ చదువుతున్నాను. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన 9 వేలతో ఆన్‌లైన్ ప్రకటన చూసి ఒక ఫోన్ కొన్నాను. బాక్సు, బిల్లు లేవన్నాడు, నమ్మాను. డబ్బు యూపీఐలో పంపాను. కొన్నాళ్లకే సిగ్నల్ పోయింది. ఇప్పుడు అది చోరీ ఫోనంటూ తెలంగాణ పోలీసుల నుంచి 35(3) నోటీసు (విచారణకు హాజరు కమ్మని భారతీయ నాగరిక సురక్షా సంహిత కింద ఇచ్చేది) వచ్చింది. నాన్నగారికి తెలిస్తే తట్టుకోలేరు. రిపేరు షాపతను 1,500 ఇస్తే ఐఎంఈఐ, అంటే ఫోన్‌కుండే 15 అంకెల గుర్తింపు నంబరు, మార్చేస్తానంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ షాపు వైపు వెళ్లడం మానేయండి. ఐఎంఈఐ మార్చడం టెలికమ్యూనికేషన్స్ చట్టం 2023, సెక్షన్ 42 కింద నేరం, 3 ఏళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ, పైగా నాన్ బెయిలబుల్. ఇప్పటిదాకా మీరు మోసపోయిన కొనుగోలుదారు, ఆ 1,500 ఇచ్చిన క్షణం నుంచి ముద్దాయి. ఫోన్‌ని రీసెట్ చేయడం, పగలగొట్టడం, కాలవలో పారేయడం కూడా వద్దు, సాక్ష్యం మాయం చేశారంటారు.

మీ కేసును తేల్చేది మీ కష్టమో, నాన్నగారి బాధో కాదు. కొనేనాటికి గానీ, తర్వాత దగ్గర ఉంచుకున్నప్పుడు గానీ అది దొంగ సొత్తని మీకు తెలుసా, తెలియకపోయినా అలా నమ్మడానికి కారణం ఉందా అన్నదే. భారతీయ న్యాయ సంహిత 317(2) చూసేది దాన్నే. మీకు బలహీనం కూడా అక్కడే. బాక్సు లేదు, బిల్లు లేదు, అయినా అడగకుండా డబ్బు పంపేశారు. చదువుకున్నవారు, కొనేముందు *#06# కొట్టి, స్క్రీన్ మీద వచ్చే 15 అంకెల ముందు కేవైఎం అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలు, ఖాళీ వదిలి, 14422కి మెసేజ్ పంపితే నిమిషంలో తేలేది. టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలోనూ చూడొచ్చు. బ్లాక్ లిస్టు, డూప్లికేట్, ఆల్రెడీ ఇన్ యూజ్, వీటిలో ఏది వచ్చినా ఆ ఫోన్ ముట్టుకోకూడదు.

మీకు బలం యూపీఐ చెల్లింపు. దొంగ సొత్తని తెలిసి కొనేవాడు సొంత బ్యాంకు ఖాతా నుంచి పంపడు. బ్యాంకు నుంచి ముద్ర వేసిన స్టేట్‌మెంట్ తీసుకోండి. అమ్మినవాడితో చేసిన చాట్, అతని నంబరు, ప్రకటన స్క్రీన్‌షాట్లు అన్నీ ఆ ఫోన్‌లోనే ఉంటే, అది చేజారకముందే కాపీ తీసి మీ మెయిల్‌కి పంపుకోండి, అందులో ఏదీ చెరపొద్దు. వీటిని కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే పత్రం) కావాలి, అది మీ లాయర్ చూసుకుంటారు.

ఇంకో పని. నోటీసులోని ఐఎంఈఐని *#06# కొడితే వచ్చేదానితో అంకె అంకె పోల్చండి. డ్యూయల్ సిమ్ అయితే రెండు నంబర్లు ఉంటాయి, రెండూ చూడండి. స్క్రీన్ మీద ఒకటి, సిమ్ ట్రే మీదో వెనకవైపో ఇంకొకటి ఉంటే, ఇదివరకే ఎవరో కెలికారన్న అనుమానం వస్తుంది. ఆ మాట పోలీసులకు ముందు మీరే రాసివ్వాలి, లేకపోతే మార్చింది మీరే అంటారు.

నోటీసు తేదీకి తప్పక వెళ్లండి, లాయర్‌ని వెంట తీసుకెళ్లండి. 35(3) నోటీసును పాటించినంత కాలం, కారణాలు రాతలో నమోదు చేయకుండా అరెస్టు చేయకూడదు. డుమ్మా కొడితే ఆ రక్షణ పోతుంది. ఫోన్ అప్పగించి, పంచనామా (స్వాధీనం చేసుకున్నట్టు పోలీసులు రాసే పత్రం) కాపీ అడిగి తీసుకోండి. ఫోన్ మీద ఆశ మాత్రం వదిలేయండి, దొంగకు లేని హక్కు మీకు రాదు, అది అసలు యజమానికే చేరుతుంది.

పోయిన 9 వేలు అమ్మినవాడి నుంచే రాబట్టుకోవాలి. అదే స్టేషన్‌లో యూపీఐ వివరాలతో అతని మీద మోసం ఫిర్యాదు రాసిచ్చి, రసీదు తీసుకోండి. సొమ్ము వాపసుకు సివిల్ దావా వేయాలంటే 3 ఏళ్ల గడువు, భద్రంగా ఉండాలంటే డబ్బు పంపిన తేదీ నుంచే లెక్కపెట్టుకోండి. అమ్మింది షాపు అయితే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, అక్కడ గడువు 2 ఏళ్లే. ఈ మొత్తానికి దావా దాకా వెళ్లకపోయినా లీగల్ నోటీసు ఒకటి పంపించండి, అతని అడ్రసు పోలీసుల విచారణలో బయటికొస్తుంది.